మూలంలో లేని వాక్యం

అధ్యక్షస్థానంలో ఉన్న ప్రోకోపిస్ గారికి, నన్ను సాగనంపాలని పెరమా రేవు నుంచి చేతుల గ్రీజు సరిగా వదలకుండానే పరుగెత్తుకొచ్చిన మేస్త్రీలకు, పెద్దలకు, రేపట్నుంచి నా బల్ల దగ్గర కూర్చోబోయే మా దనాయికి, ఆఫీసులో తక్కిన పిల్లలందరికీ నమస్కారం. నాకు సభల్లో మాట్లాడటం చేతకాదు. ఎవరో ఇంగ్లీషులో చెప్పినదాన్ని గ్రీకులో చెప్పడమే ఈ ముప్పై ఏళ్ళూ చేసిన పని. సొంతంగా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. అంచేత ఎక్కడైనా తడబడితే ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుని సర్దుకోండి. (నవ్వులు)

ప్రోకోపిస్ గారు ఇందాక నన్ను ఆకాశానికెత్తేశారు. ఓడ ఇంజన్ల పుస్తకాలన్నీ ఈ ఎవాంథియా చేతి మీదుగానే గ్రీకులోకి వచ్చాయన్నారు. అయ్యా, అందులో సగమే నిజం. ఆ గదిలో రెండు బల్లలుండేవి. ఒకటి నాది, కిటికీ పక్కది ఫ్రాంగిస్కోస్‌ది. సీరోస్ దీవి మనిషి. కొత్తవాళ్ళకు తెలియదు కనుక చెబుతున్నాను, మా పద్ధతి ఇదీ: ఇంగ్లీషు పుస్తకం నా దగ్గరే ఉండేది, దాన్ని అతను చూడకూడదు. నేను రాసిచ్చిన గ్రీకును అతను మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పుతూ పైకి చదివేవాడు, నేను మూలం మీద వేలు పెట్టుకుని వినేదాన్ని. బయల్దేరిన మాట బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఆ పేజీ అచ్చుకు వెళ్ళేది. రాకపోతే ఆ పూట ఇద్దరి మధ్యా మాటలుండేవి కావు, కాఫీ మాత్రమే.

పోట్లాటలా, కొల్లలు! పిస్టన్‌ను పుస్తకంలో ఎంవొలో అంటాం, రేవులో పిస్తోని అంటారు. నాకేమో తాతలనాటి గ్రీకులోంచి మాటలు తవ్వి తేవడం సరదా. అలా తెచ్చిన ఒక మాట విని, అదిగో ముందు వరుసలో నవ్వుతున్న జకారియా మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? "అమ్మా, ఆ పేరు నువ్వు పూర్తిగా పలికేలోగా ఓడ మునిగిపోద్ది తల్లీ!" (నవ్వులు) ఫ్రాంగిస్కోస్ కూడా అతని పక్షమే.

"రేవు మాటలన్నీ ఇటలీ నావికులు పారేసిపోయినవయ్యా, మనకంటూ సొంతవి వద్దా?" అనేదాన్ని.

"పారేస్తే ఏం? ఏరుకుని తుడుచుకున్నాం. ఇక మనవే," అనేవాడు.

చివరికి రెండూ పెట్టేవాళ్ళం, పుస్తకం మాట ముందు, రేవు మాట పక్కన.

మధ్యాహ్నాలు నట్లూ బోల్టులూ వింటుంటే నాకు కళ్ళు మూతలు పడేవి. అది కనిపెట్టి అతను లేనిపోనివి ఇరికించేవాడు. "వాల్వు మూయండి. ఆయిలు చూడండి. సార్డీన్ చేపలు కాల్చి నిమ్మకాయ పిండండి." నేను తలెత్తకుండానే "మూలంలో లేదు, తర్వాత?" అనాలి. అంటే మెలకువగానే ఉన్నట్టు. అనకపోతే "ఏం తల్లీ, కునుకా?" అని బల్ల మీద కొట్టేవాడు. ఆ మాట ఆఫీసంతా పాకింది. ప్రోకోపిస్ గారు జీతాలు పెంచుతానన్నప్పుడు అందరం ఏకకంఠంతో ఏమన్నామో ఆయనకింకా గుర్తుండే ఉంటుంది. (నవ్వులు, చప్పట్లు)

రెండేళ్ళ కిందట అతనూ నాలాగే రిటైరయ్యాడు. ఆఖరి వారం పంపుల పుస్తకం చదువుతున్నాం. "ఆయిలు చూడండి. వాల్వు నెమ్మదిగా తెరవండి. శనివారం పడవకి ఎవాంథియా కూడా నాతో సీరోస్ రావాలి."

నేను తలెత్తలేదు. "మూలంలో లేదు. తర్వాత?" అన్నాను.

"అవునులే," అని తర్వాతి వాక్యం చదివాడు. గొంతు మారింది. విన్నాను. కానీ అప్పటికి పేజీ తిప్పేశాను.

ఆ శనివారం పడవ కూత కాస్తెల్లా గుట్ట మీద మా ఇంట్లో కూర్చుని విన్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. చేసి ఏమనను? అతను వేళాకోళానికే అన్నాడేమో! ఎప్పుడూ అనేవాడే కదా. ఈ వయసులో వేళాకోళాన్ని నిజమనుకుని నవ్వులపాలు కావడమెందుకని ఊరుకున్నాను. అతని బల్ల మీద కంప్యూటర్ పెట్టారు. మంచి పనిమంతురాలే, అలుపూ సొలుపూ లేదు, కానీ చేపలు కాల్చమని ఒక్కరోజైనా చెప్పదు. నేను పంపిన మాట వెళ్ళిపోతోంది, ఎవరి గొంతులోనూ తిరిగి రావడం లేదు. నాకు అతని మీద బెంగ. ఎన్ని మాటలు వెతికిచ్చినదాన్నైనా దీనికి ఇంకో మాట వెతకను.

ఇందాక దనాయి మాట్లాడుతుండగా తలుపు చప్పుడైంది. వెనక వరుసలో సీరోస్ లుకూమీ మిఠాయి పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషిని మీరు చూశారో లేదో, నేను చూశాను. అప్పటి నుంచి నా కాగితంలో ఉన్నదొకటి, నేను చెబుతున్నదొకటి. ఫ్రాంగిస్కోస్, ఆ టోపీ తియ్యి, గుడి కాకపోయినా ఇది సభ! (నవ్వులు)

ఇవాళ నేను చదువుతాను, నువ్వు విను. "ఆయిలు చూడండి. వాల్వు నెమ్మదిగా తెరవండి. ఈ శనివారం పడవకి ఎవాంథియా కూడా వస్తుంది." మూలంలో ఉందా, లేదా? తొందరేం లేదు, ఆలోచించుకుని... కాదు కాదు, తొందరుంది, చెప్పు.

(వెనక వరుస నుంచి: "ఉంది. మొదట్నుంచీ ఉంది. తర్వాత?")

తర్వాతేం లేదు, పుస్తకం అయిపోయింది. దనాయీ, నా బల్ల మీది దీపం నువ్వు తీసుకో. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ ధన్యవాదాలు. నాకు సామాను సర్దుకునే పని పడింది. సెలవు.