గద్ద అనకూడని ఊరు

నాంచారమ్మ అని ఒకావిడ మా మేనత్తోళ్ళ వాడలోనే ఉండేదంట. మొగుడు లేడు, పొలం లేదు. ఉన్నదల్లా ఒక నల్ల పెట్ట, దాని వెనక పదకొండు పిల్లలు. పన్నెండని చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళకేం తెలుసు, పదకొండే. పైన గద్ద తిరిగిందా, ఈవిడ పెరట్లో నిలబడి "గద్దొచ్చిందో!" అని ఒక్క కేక వేసేదంట. ఆ కేకకి వాడ వాడంతా కోళ్ళ మీద గంపలు కమ్మేసేవాళ్ళు. ఏమైందంటే, మా ఊరి మునసబు గద్దపాడు నుంచి ఇల్లరికం వచ్చినోడు. పేరు పున్నయ్య, ఊరంతా గద్దపాడాయన అనేవాళ్ళు. నేను వాడు అనే అంటాను, మీరేమనుకున్నా సరే. వాడికి కోడికూర లేనిదే ముద్ద దిగదు, తన కోళ్ళని మాత్రం కొయ్యడు. పై అధికారి వచ్చినా రాకపోయినా "దొరగారొచ్చారు" అంటా తలారిని వెంటేసుకొచ్చి, కనపడ్డ కోడిని కాళ్ళు కట్టి పట్టుకుపోయేవాడు. నాంచారమ్మ చూసింది, చూసింది. ఒకరోజు వాడు సందు తిరిగాడో లేదో, పైకి చూడనన్నా చూడకుండా వాడికేసే చూస్తా "గద్దొచ్చిందో! గంపలు కమ్మండే!" అంది. దబదబా పడ్డాయి గంపలు. వాడలో ఈక కనపడితే ఒట్టు. ఆడోళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే, గంప ఎత్తి చూడటానికి మునసబుకి పరువు అడ్డమొచ్చింది.

మండదా మరి? మర్నాడు చావిడి ముందు డప్పు కొట్టించాడంట, ఈ ఊళ్ళో గద్ద అనే మాట ఎవరి నోటెంట వచ్చినా తప్పు కింద ఒక కోడి, ఎవరైనా సరే, అని. నాంచారమ్మ అక్కడే ఉంది. "అయితే మునసబు గారూ, గద్దని గద్ద అనకుండా బావగారూ అని పిలవమంటారా?" అంది. అనేసింది కదా, అదీ రెండుసార్లు! తలారి పోయి నల్ల పెట్టని పట్టుకొచ్చాడు. "పిల్లల తల్లి బాబూ" అని తలారే గొణిగాడు, వింటాడా మునసబు? ఆవిడొచ్చి కాళ్ళు పట్టుకోవాలని, కొయ్యకుండా తన పెరట్లో గుంజకి కట్టించుకున్నాడు. ఇంక తల్లి లేని పిల్లల్ని చూడాలి ఆవిడ అవస్థ! ఎండలో గంప పక్కనే కూర్చుని, అరవడానికి లేదని చేట వాయిస్తా కాపలా కాసింది. అయినా నాలుగు రోజుల్లో ఒకటి ముంగిస పాలు, ఒకటి గద్ద పాలు. పొరుగావిడ "పోయి ఆయన కాళ్ళు పట్టుకోరాదా అక్కా" అంది. "నా చేతులు చేట వాయించడానికే చాలట్లేదమ్మా" అంది ఈవిడ.

అయిదో రోజు మధ్యాహ్నం ఏమైందంటే, మునసబు గోచీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాకిట్లో నూనె రాయించుకుంటున్నాడు. పక్కనే వాడి పందెం పుంజు పిల్లలు తిరుగుతున్నాయి. పైన గద్ద. పెట్టని ఓసారి చూసుకుందామని వచ్చిన నాంచారమ్మ గోడవతల నుంచి చూసింది. నోరు తెరిచింది, మూసింది. నూనె రాసే తలారీ చూశాడు, వాడూ మూశాడు. గద్ద దిగింది, పిల్లని తన్నుకుపోయింది. అది కీచుమనేసరికి మునసబు ఉలిక్కిపడి లేచి, ఆ గోచీతోనే సందులో పడి "గద్ద! గద్ద! గద్దరోయ్! ఎవరూ అరవరేంటే!" అని పరుగు. వాడలో దబదబా గంపలు పడ్డాయి. అప్పుడు నాంచారమ్మ ఎదురొచ్చి నిలబడింది. "మూడుసార్లన్నారు మునసబు గారూ. నాకు మూడక్కర్లేదు. నాది నాకిచ్చెయ్యండి." "నేను మునసబుని!" అన్నాడు వాడు. "ఎవరైనా సరే అని డప్పు కొట్టించిందెవరు?" అంది. వీడు నోరు తెరిచేలోపు, డప్పు కొట్టిన ఆ తలారే పోయి కట్టు విప్పాడు.

పెట్ట ఇంటికొచ్చి "కొక్ కొక్" అనగానే తొమ్మిది పిల్లలూ రెక్కల కింద దూరాయంట. తొమ్మిదే. కథ కదా అని పదకొండూ బతికాయని చెప్పేవాణ్ణి కాదు నేను. ఆ మునసబు మనవలు ఇప్పటికీ ఉన్నారు, గద్ద అన్న మాట వింటే మొహం మాడ్చుకుంటారు. నేను పనున్నా లేకపోయినా రోజూ వాళ్ళ గుమ్మం ముందు నుంచే పోతాను. పైన ఏమీ ఎగరకపోయినా సరే, అంటాను.