ఎర్ర కారు ఎక్సలేటర్

కోదాడ బైపాస్ పక్కన జీవన్ షెడ్డు. పాత కార్లు బాగు చేయడమే అతని పని. ఆ మధ్యాహ్నం రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు బానెట్ తెరిచి పెట్టి, దాని యజమాని శశిధర్ మిర్యాలగూడ నుంచి రాసి తెచ్చిన చరిత్రను ఆయన చేతనే చదివించుకుంటూ నిలబడ్డాడు జీవన్. వింటున్నకొద్దీ అతని మొహం చేదు మింగినట్టు అవుతోంది.

"ఆ రెండో పేరా మళ్ళొకసారి సదవండి సార్."

"ఎన్నిసార్లు సదవాలె జీవన్? 'మా తాతగారు 1974లో ఈ ఎంజీ స్పోర్ట్స్ కారును హైదరాబాదు నుండి స్వయంగా నడుపుకుంటూ నడిగూడెం తెచ్చారు. నాటి నుండి నేటి వరకు అదే ఇంజనుతో...' మా మనీషా రాసింది. బిడ్డ తెలుగు మంచిగున్నది గద?"

"తెలుగు మంచిగనే ఉన్నది. నడుపుకుంట వచ్చిండా మీ తాత?"

"మరి నెత్తి మీద పెట్టుకొని వస్తడా?"

"లారీల వచ్చింది సార్. చాసిస్ కింద గొలుసులు కట్టిన గాట్లున్నయ్."

"అయితే లారీల అని రాద్దాం. నడుపుకుంట అంటే జర సొంపుగ ఉంటదని గట్ల రాసినం."

"మరి ఇంజను?"

"ఇంజనుకేమైంది? దించి ఎవలకో అమ్మినం. నువ్వు హైదరాబాద్ నుంచి ఒకటి తెచ్చి పెడతనన్నవ్ గద. పెట్టు."

"పెడత. కానీ 'అదే ఇంజను' అని సంతకం పెట్టుమంటున్నరు. మీ ఇంట్ల ఈ బండికి ఇంజను ఎన్నడూ లేదు."

"ఎవడన్నడు?"

"బండే చెప్తున్నది సార్. ఈ ఎర్ర పెయింటు మీ తాత వేయించిందే గద? బానెట్ లోపట కూడ వేయించిండు. ఆ పెయింటు మీద ఒక్క నూనె చుక్క పడలే. నడిచిన బండికి గంత శుభ్రం ఉంటదా?"

"మా తాత శుభ్రం మనిషి."

"ఈ చెక్క పలక ఏంది మరి? ఇంజను జాగల బోల్టులేసి బిగించిన్రు."

"బ్యాటరీ పెట్టేటందుకు."

"బ్యాటరీ పెడితే యాసిడ్ పడి చెక్క తినుకపోతది."

"అయితే సామాన్లకు. స్పానర్లకు. మాకు కుక్క గూడ ఉండె, దాన్ని కూసోబెట్టిన్రేమో. నాకేం యాదికుంటది జీవన్, యాభై ఏండ్ల ముచ్చట. ఆదివారం సూర్యాపేటల పాత కార్ల షో. మా పార్టీ పెద్దలంత వస్తున్నరు, ఈసారి టికెట్ మాట గాడనే తేలుతది. బండి బాగు చేసిన మేస్త్రి సంతకం లేకపోతే పోటీల పెట్టనియ్యరు. నీకు ఒక్క సంతకమే, నాకు అంత దాని మీదనే ఉన్నది."

"ఆ ఒక్క సంతకం తోనే నా షెడ్డు నడుస్తున్నది సార్. పలక నున్నగ అరిగింది, సూడుండ్రి. కట్టుకున్న గోసి అంచు రాసుకొని రాసుకొని అరిగినట్టున్నది. కుక్క అట్ల అరగదియ్యదు. మనిషిని కూసోబెట్టిన్రా గీడ?"

"సరే, ఇను. బయటకు పోవద్దు. బండి వేలంల ఇంజను లేకుంటనే దొరికింది, చవుకల. తాతకు స్పోర్ట్స్ కారున్నదని పేరు కావాలె, అంతే. ఎనకకెళ్ళి నలుగురు జీతగాళ్ళు నూకేటోళ్ళు, నేను స్టీరింగ్ పట్టేటోన్ని. తొమ్మిదేండ్ల పోరన్ని. సప్పుడు రావట్లేదని ఏడ్సిన. తెల్లారి సప్పుడు వచ్చింది. ఇంజను పెట్టించిన అన్నడు తాత. నమ్మిన."

"లోపట?"

"బాల్యా అని, మా జీతగాడే. సన్నగుండె. లోపట కూసొని నోటితోని బుర్రుమనేటోడు."

"బానెట్ మూసేటోళ్ళా?"

"మూయకపోతే కనవడడా?"

"ఎండకాలం గూడనా?"

"జీవన్, నువ్వు గట్ల సూడకు. నాకు ఎరుకే లేదంటున్న. నా పెండ్లైనంక చెప్పిన్రు నాకు, అందుల మనిషి ఉండెనని. ఆ దినమంత బువ్వ తినబుద్ధి కాలే."

"నాకు ఇప్పుడు రోతయితున్నది సార్. వారం దినాల సంది ఈ పలక మీదనే మోచేయి ఆనిచ్చి పని చేస్తున్న. ఈ బండి తోలుకపోండ్రి. నాతోని కాదు."

"అరె, ఆగు. బాల్యాను తోలుకొచ్చిన, బయట జీపుల ఉన్నడు. షోల వానికి తెల్ల తలపాగ కట్టి, 'మా కుటుంబ డ్రైవర్' అని బండి పక్కన నిలబెడత. శాలువ కప్పిస్త. నా మీద కోపముంటే వస్తడా? నువ్వే అడుగు. బాల్యా, ఓ బాల్యా, ఇట్ల రా."

తలపాగ చుట్టుకున్న ముసలాయన లోపలికి వచ్చి, కారును చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రా తాతా, ఈ కుర్చీల కూసో. నీళ్ళు తాగుతవా?"

"వద్దు కొడుకా. ఎర్రగనే ఉన్నదే ఇంక."

"బాల్యా, ఈ మేస్త్రి నన్ను దోషిని చేస్తున్నడు. నాకు అప్పుడు ఏమన్న ఎరుకనా? నువ్వే చెప్పు."

"ఎరుక లేదు చిన్నదొరా. పసిపోరనివి. కొడుకా, పెద్దదొరను తిట్టుకున్న నేను, మన్నుల కలవాలని తిట్టుకున్న. ఈయనను ఎన్నడు అనలే. నిజం ఇంజనే అనుకునేటోడు."

"విన్నవా జీవన్?"

"ఊపిరాడేదా తాతా లోపట?"

"బండి ముందట ఇనుప జాలి ఉన్నది గద, ఆడ మూతి పెట్టేది. ఒకసారి మునగాల దాక నూకిన్రు. పెదాలు పగిలినయ్. కానీ చిన్నదొర నవ్వు వినవడేది నాకు. పసిపోరడు నవ్వుతున్నడు, పోనీ తియ్, అనుకునేది. గందుకే ఇయ్యాల పిలిస్తె వచ్చిన. ఆయన తప్పేమున్నది?"

"ఇగ చాలు గద జీవన్? పడ్డ మనిషే చెప్తున్నడు."

"తాత గట్ల అన్నంక నేనేమంట సార్. 'అదే ఇంజను' అన్నది కొట్టేసి, 'ఇంజను లేకుండ కొన్న బండి, ఇప్పుడు వేరే ఇంజను పెట్టినం' అని రాయండ్రి. పలక ముచ్చట నేను ఎత్తను. సంతకం పెడత. తాత మొహం సూసి పెడుతున్న, మీ మొహం సూసి కాదు."

"ఏదో ఒకటి. ఇగో పెన్ను."

"ఒక్కటి అడుగుత. ఈ కడ్డీ ఏంది? ఎక్సలేటర్ కాడ మొదలై పలక మీదికి వచ్చి ఆగింది. ఇంజను లేని బండికి ఎక్సలేటర్ కడ్డీ ఎందుకు?"

"ఏమో. పాతది ఉండిపోయినట్టున్నది. కోసి పారెయ్."

"అది నాకు సైగ కొడుకా. చిన్నదొర తొక్కితే నా డొక్కల తాకుతది. తాకితే సప్పుడు పెంచాలె. పెద్దదొర పెట్టించిండు."

"డొక్కల?"

"మొదట్ల తాకుడే. దసర సెలవులల్ల గుచ్చుడు మొదలైంది. అంగి నెత్తురుతోని తడిసేది. మా అమ్మ బక్కమ్మ పసుపు అద్దేది. ఇనుము అరిగి మొన తేలిందనుకున్న."

"అరిగితే మొన తేలదు తాతా, గుండ్రమైతది. ఇది ఆకురాయితోని రాకిన మొన."

"రాకిన్రా? ఎవలు?"

"ఎవలైతే ఏంది బాల్యా ఇప్పుడు? మా కమ్మరి మేస్త్రి ఎవడో రాకి ఉంటడు, మా తాత చెప్తే. పెట్టు జీవన్, సంతకం పెట్టు."

"మేస్త్రి పని కాదు సార్. మేస్త్రి రాకితే గీతలన్ని ఒక్క దిక్కే పోతయ్. ఇవి అడ్డదిడ్డం. చేతుల బలం లేనోడు, పని రానోడు, కూసొని రాకిండు. వారం పది దినాలు పట్టి ఉంటది."

"వారం ఎక్కడిది, రెండు పూటలల్ల అయిపోయింది. ఏంది, గట్ల సూస్తున్నరు ఇద్దరు?"

"మీకెట్ల ఎరుక సార్, రెండు పూటలని?"

"చిన్నదొరా?"

"అరె, ఇదేం లొల్లి. పోరని పని అది, పోరని పనికి ఇప్పుడు పంచాయతీ పెడతరా?"

"ఇంజనే అనుకున్నవ్ గద దొరా నువ్వు?"

"కడ్డీ మొద్దుగున్నన్ని దినాలు నువ్వు సప్పుడు పెంచకపోతివి గద బాల్యా, ఇగ నన్నేం చేయమంటవ్?"