ఇరవై ముగ్గురికి ఒకటే పొయ్యి

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు హజరత్తన్నా, నీకు తెలుసు గదా. నలభై ఇళ్ళు. ఒక్క పగటిలో నలభై ఇళ్ళు రాసినా. మోకాటి లోతు నీళ్ళల్లో ఇంటింటికీ పోయి, ఎంతమంది ఉండారు, బియ్యం ఇంకెన్నాళ్ళకు వస్తాయి అని అడిగి, అంతా ఫోన్లో ఎక్కించినా. ఒక్క తప్పు లేదు. అంతే. ఇంకేం లేదు."

మా అన్న బెన్హర్ అంతటితో ఆగి ఉంటే ఆ సాయంత్రం మాకు అంత తలవంపు కలిగేది కాదు. కానీ అన్న "ఇంకేం లేదు" అన్నాడంటే ఇంకా చాలా ఉన్నదని అర్థం. మా నాయనమ్మ చెప్పిన కథల్లోనూ అంతే. ఏడు సముద్రాలు దాటబోయేవాడు పక్క వీధి దాకా పోయి వస్తానని చెప్పే ఇల్లు కదిలేవాడు.

తుఫాను వెలిసి పన్నెండు రోజులైంది. పులికాట్ సరస్సు ఒడ్డున కుప్పాలనే జాలరుల పల్లెలకు బియ్యం పంచుతున్న ఒక సహాయ సంస్థ అన్నకూ నాకూ సర్వే పని అప్పగించింది. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో మేము ఫోనులో నమోదు చేస్తాము. ఆ లెక్కను బట్టి లారీ కదులుతుంది. మొదటి విడత బియ్యం అందింది. రెండో విడతకు జాబితాలో దిద్దుబాట్లేమైనా ఉంటే ఆ రోజు నాలుగు గంటలలోగా చేయాలి. తరువాత జాబితా మూసివేస్తారు.

ఆ సంగతి తెలుసుకునే, మేము రాసిన ఇళ్ళలో ఒక ఇంటామె అంకాలమ్మ, తన కుప్పం నుంచి పది కిలోమీటర్లు నడిచి దొరవారిసత్రం వచ్చింది. హజరత్తయ్య టీ అంగట్లో బల్ల చివర కూర్చుని, అన్న వైపు చూస్తూ ఉన్నది. అప్పటికి మూడు దాటింది.

"నాయనా, ఒక్క మాట," అన్నదామె.

"ఉండక్కా, ఈ ముక్క అయిపోనీ." అన్న ఆమె ముఖం చూడలేదు. ఆటో తోలే హెన్రీ వైపు తిరిగాడు.

"నలభయ్యా?" అన్నాడు హెన్రీ. "నిన్న చర్చి దగ్గర ముప్పై అన్నావే?"

"నిన్న వినయంగా చెప్పినా హెన్రీ. దేవుడి ఇంటి ముందు గదా. ఇంతకీ నీళ్ళు మోకాటి లోతన్నానా? అది ఒడ్డున. లోపలికి పోయేకొద్దీ నడుం దాకా, ఇంకా పోతే గొంతు దాకా. మా ఏంజెలిన్‌ను అడగండి, పక్కనే ఉన్నింది. రెండు చేతులతో ఈదతా ఉండానే, ఇంక టైపు ఎట్ట జేసేది? ఫోను నెత్తిన పెట్టుకొని నోటితో చెప్తా పోయినా, అది రాసుకుంటా వచ్చింది. మధ్యలో కప్పలు అరిస్తే కప్పల్ని గూడా కుటుంబాల కింద రాసేసింది. అన్నీ కొట్టేసుకుంటా వచ్చినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్ని పేర్లు ఎక్కేసరికి ఫోను పెనంలాగా కాలిపోయింది. ఒకామె దాని మీద అట్టు పోసుకునింది!"

"పిండి యాడిది, ఎవురికీ గింజలే లేవు గదా?" అన్నాడు హెన్రీ.

"అది నా సర్వేలో లేని ప్రశ్న."

అందరూ నవ్వారు. నన్ను అడగమన్నాడు గనుక ఒకరిద్దరు నా వైపు చూశారు. మేము వెళ్ళిన నాటికి నీళ్ళు తగ్గి, పాదాలు మునిగేంత బురద మాత్రమే మిగిలింది. ఆ మాట నేను చెప్పలేదు. స్కూటరు పక్కన నిలబడి నేల చూశాను.

"నాయనా, ఆ లిస్టు సంగతి..." అన్నది అంకాలమ్మ మళ్ళీ.

"అక్కడికే వస్తా ఉండానక్కా, అక్కడికే!" అన్న గొంతు పెంచాడు. "అప్పుడు పైనుంచి ఫోనొచ్చింది. పైనుంచంటే ఆఫీసు కాదన్నా, ఆకాశం. శాటిలైటు. 'బెన్హర్ గారూ, మబ్బులు అడ్డంగా ఉండాయి, మీ కుప్పం కనపడలేదండీ' అనింది. 'కొంచెం సూళ్ళూరుపేట పక్కకు జరుగమ్మా' అన్నా. జరిగింది. 'ఇప్పుడేం కనపడతా ఉండాది?' 'ఇళ్ళండీ.' 'ఇంకాస్త వంగు.' 'పొయ్యిలండీ.' 'ఇంకా వంగు.' 'కుండలు.' 'మూత తీసి చూడు.' తీసి చూసి, 'నాలుగు వందల పదకొండు మెతుకులు' అనింది. నేను కిందుండి లెక్కబెడితే నాలుగు వందల పన్నెండు. శాటిలైటు తప్పు చెప్పింది! ఒక మెతుకు మూతకంటుకొని ఉన్నింది, అది చూసుకోలేదు పాపం."

"మూత మళ్ళీ పెట్టిందా లేదా?" అన్నాడు హజరత్తయ్య, టీ వడపోస్తూ.

"నేను చెప్పినాక పెట్టింది. చెప్పకపోతే పిల్లి రాదూ? సరే, ఇంత లెక్క ఒక ఫోన్లో పడుతుందా? పట్టలేదు. ఏం చెయ్యాల? పులికాట్‌లో రాజహంసలు దిగి ఉండాయి గదా, వాటిని పిలిచినా. సరస్సులో వరసలు కట్టి నిలబెట్టినా. అడ్డం వరస ఒక కుటుంబం, నిలువు వరస ఒక కుప్పం. ఒంటికాలి మీద నిలబడిందా, ఆ ఇంట్లో బియ్యం లేవు. రెండు కాళ్ళ మీద నిలబడిందా, ఉండాయి. పైనుంచి డ్రోన్లు ఆ కాళ్ళు చూసుకుంటా పోవడం, అన్నం దించడం. బియ్యం కాదు హెన్రీ, అన్నం! వేడన్నం, దాని మీద మట్టగిడస చేప పులుసు. ఒక డ్రోను పొరపాటున పక్కింటామె ఆకులో వడ్డించింది. నేను ఒక చూపు చూసినా. ఎత్తుకొని పోయి సరైన ఆకులో పెట్టి, పక్కింటామెకు క్షమాపణ చెప్పింది."

"తెలుగులోనా?"

"నెల్లూరు తెలుగులో!"

హెన్రీ తొడ చరిచి నవ్వాడు. అన్న మాత్రం నవ్వలేదు. అతని కళ్ళు ఒకసారి అంగట్లోని గడియారం మీదికి పోయి వెంటనే వెనక్కు వచ్చాయి. నేను చూశాను. మూడు నలభై అయింది. అంకాలమ్మ లేచి రెండడుగులు ముందుకు వచ్చింది. అన్న ఊపిరి తీసుకోకుండా మాట్లాడసాగాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖరికి ఆకలే నా దగ్గరికొచ్చింది."

"ఎవురూ?"

"ఆకలి. ముసలి రాక్షసి. జుట్టు ఇరబోసుకొని, డొక్కలు బయటపడి, ఈ బల్లంత పొడుగు నాలిక. వచ్చి నా కాళ్ళ మీద పడింది. 'నాయనా బెన్హరూ, నీ జాబితా వచ్చినంక నేనుండే దానికి ఇల్లు లేదు, సముద్రాలు దాటి పోయినా అక్కడా నీ లెక్కే తిరగతా ఉండాది, యాడికి పోయేది' అని ఒకటే ఏడుపు. నేను కరిగిపోతానా? పేరడిగినా. వేలిముద్ర తీసుకున్నా. జాబితాలో ఎక్కించి, దాని ఎదురుగా 'ఈ ఇంట్లో ఎవరూ లేరు' అన్న గడి నొక్కినా. అంతే! పొగైపోయింది. ఆ పొద్దు నుంచి ఈ లోకంలో ఆకలనేదే లేదు. ఇంక పెద్దాఫీసు వాళ్ళు ఊరుకుంటారా, తప్పు లేని సర్వేయరని నాకు శాలువా కప్పినారు."

శాలువా మాట మాత్రం నిజం. మొన్ననే కప్పారు. అది మా ఇంట్లో బీరువాలో ఉన్నది.

నవ్వులు సద్దుమణిగాక అంకాలమ్మ అన్నది: "పొగైపోలేదు నాయనా. మా పొయ్యి కాడికి వచ్చింది."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే మాకు కొంత సులువుగా ఉండేది.

"పన్నెండు మందికని బియ్యం దించిపోయినారు. మేం ఇరవై ముగ్గురం. వారానికని ఇచ్చింది మూడు నాళ్ళకు అయిపోయింది. నిన్నటి నుంచి పిల్లోళ్ళకు గంజి పోసి, పెద్దోళ్ళం నీళ్ళు తాగతా ఉండాం. నువ్వు రాసుకొని పోయింది నేను చూసినా. ఇరవై ముగ్గురని నేను చెప్తే విన్నావు గూడా. లిస్టులో పన్నెండే ఎందుకుండాదో అడగాలని వచ్చినా."

హజరత్తయ్య స్టౌ మంట తగ్గించాడు.

ఆ కుప్పంలో పడవలు కదలని రోజుల్లో అన్నదమ్ముల ఇళ్ళన్నీ తమ పొయ్యిలు ఆర్పి, పెద్దామె ఇంట్లో ఒక్క పొయ్యే వెలిగిస్తాయి. ఉన్న గింజలన్నీ ఒకే కుండలో పోస్తారు. ఎవరి దగ్గర ఎంత ఉన్నదని అడగరు. అందరికీ సమంగా వడ్డిస్తారు. తుఫాను తరువాత అంకాలమ్మ వాళ్ళ ఐదు ఇళ్ళూ అలాగే కలిసి వండుకున్నాయి. మా ఫోనులోని నియమం వేరు. ఒక పొయ్యి మీద వండుకునేవారంతా ఒకే కుటుంబం. ఒక కుటుంబానికి ఉన్న గడిలో పన్నెండుకు మించిన అంకె పట్టదు. మించితే తప్పుగా చూపి, పై అధికారికి పంపుతుంది.

"ఐదిళ్ళనీ ఐదు కుటుంబాలుగా రాయాల్సింది," అన్నాడు హెన్రీ మెల్లగా. "లేదంటే పైవాళ్ళకు చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నా పేరు మీద తప్పు పడతాది." అన్న గొంతు సన్నబడింది. "అప్పటికి నా లెక్కలో ఒక్క తప్పు గూడా లేదు. ముప్పై తొమ్మిదిళ్ళు అయిపోయినాయి. ఇది నలభయ్యోది."

"ఆ పూట మీరిద్దరూ మా కాడే తిన్నారు," అన్నది అంకాలమ్మ. "వానకు తడిసి వచ్చినారని ముందు మీకే పెట్టినాం. మీతో కలిపితే ఇరవై ఐదు మంది ఆ కుండలో."

ఆ మాట విన్నాక హెన్రీ మా వైపు చూడటం మానేశాడు. హజరత్తయ్య గ్లాసులు కడగడానికి వెనక్కు పోయాడు. మేము ఆ రోజు రెండోసారి కూడా అన్నం వేయించుకున్నామని ఆమె చెప్పలేదు. అది నాకు గుర్తున్నది.

నాయుడుపేట నుంచి నాలుగు గంటల బస్సు వచ్చి ఆగింది. అన్న దాని వైపు చూశాడు. అతడు ఇంతసేపూ మాట్లాడింది దేనికోసమో నాకు అప్పుడు తెలిసిందని చెప్పలేను. మొదటి నుంచీ తెలుసు. నాలుగు దాటితే జాబితా మూసుకుపోతుంది, దిద్దడానికి వీలుండదు, తన తప్పు బయటపడదు. అంకాలమ్మ మాత్రం నలుగురు మాట్లాడుకునేటప్పుడు అడ్డు రాకూడదన్న మర్యాదతో, అతని కథ ముగిసేదాకా ఆగింది.

అన్న ఫోను తీసి జాబితా తెరిచాడు. అప్పటికే మూసివేశారు. అధికారి మహాలక్ష్మి గారికి ఫోను చేశాడు. అందరికీ వినపడేలా పెట్టమని ఎవరూ అడగలేదు, తనే పెట్టాడు.

"మేడమ్, నలభయ్యో ఇంట్లో పన్నెండు మంది కాదు. ఇరవై ముగ్గురు."

"ఒకే పొయ్యికి ఇరవై ముగ్గురా?" ఆమె విసుగ్గా నవ్వింది. "బెన్హర్, నీ కోతలు వినడానికి నాకిప్పుడు తీరిక లేదు. లారీ లెక్క పంపాలి."

"కోత కాదు మేడమ్. పన్నెండన్నదే అబద్ధం. అది నేను కావాలని రాసినా."

అవతల ఆమె కాగితం తీసుకున్న చప్పుడైంది. "అయితే ఆ మిగతా పదకొండు మంది పేర్లు చెప్పు."

అన్నకు తెలియవు. పన్నెండో పేరు తరువాత మేము అడగలేదు. అతడు ఫోనును రెండు చేతులతో పట్టుకుని అంకాలమ్మ ముందు చాచాడు. ఆమె దానిని తీసుకోలేదు. వంగి, దానిలోకి మాట్లాడింది. అన్నదమ్ముల్లో పెద్దవాడి ఇంటితో మొదలుపెట్టి, ఇంటి వెంట ఇల్లు, ఒక్కొక్క పేరుకు ఆగుతూ చెప్పింది. అవతల రాసుకుంటున్న చప్పుడు వినపడింది. మొదటి పన్నెండు పేర్లూ మాకు తెలిసినవే. పదమూడో పేరు ఆదిశేషమ్మది. అంకాలమ్మ అత్త. ఆ పూట మాకు వడ్డించినామె. అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇరవై మూడు పేర్లూ అయ్యాక మహాలక్ష్మి గారు, "లారీకి కలుపుతున్నాను. రేపు నేనే వచ్చి ఆ ఐదిళ్ళూ చూస్తాను," అన్నారు. "ఆ తప్పుడు లెక్క పంపింది ఎవరో నివేదికలో రాయాలి. బెన్హర్, నువ్వేనా?"

అన్న నోరు తెరిచాడు. అంతకు ముందే నేను స్కూటరు వదిలి ముందుకు వచ్చాను.

"రాసింది మా అన్నండి. అబద్ధమని తెలిసీ 'పంపు' అన్న గడి నొక్కింది నేను. నా పేరు ఏంజెలిన్. అది కూడా రాసుకోండి."