పచ్చ బకెట్

హనుమకొండలో ఒక గల్లీ. చెత్త ఆటో వచ్చి ఆగగానే ఇంటావిడ రెండు బకెట్లతో గేటు దగ్గరికి వచ్చింది. చెత్త ఎత్తే ఆమె ఆటో దిగింది.

“తడి వేరు, పొడి వేరు చెయ్యమంటరు. మల్ల అంతా ఒక్క గుట్ట మీదనే పోస్తరంట గదా! మాకెందుకీ తిప్పలు?”

“ఉత్త మాటలక్కా. నెల సంది మీ గల్లీ తడి చెత్త గుట్టకు పోతలేదు. కొమురమ్మ బర్రెకు ఏస్తాన్న.”

“మనకు పాలు పోసే కొమురమ్మకా?”

“ఆమెకే. మీరు అన్నీ కలిపి ఏసినన్ని రోజులు అది మూతి పెట్టలే. ఇప్పుడు మంచిగ తింటాంది. నిన్న మీ పచ్చ బకెట్ల టమాటలైతే ఒక్క ముక్క ఇడ్వలే.”

“ఏం టమాటలు?”

“కోసిన ముక్కలు. మీద నల్లగ ఏందో ఉండె. మాడినయేమో అనుకున్న.”

ఇంటావిడ బకెట్లు కింద పెట్టింది.

“అది ఎలుకల మందు చెల్లె. వంటింట్ల పెడితే ఎలుకలు ముట్టలే. టమాట తడి చెత్తనే గదా అని అండ్ల ఏసిన.”

“అయ్యో! ఇందాక చూసొచ్చిన. బర్రె కూలబడి లేస్తలేదు. ఎండదెబ్బ అనుకుంటాంది కొమురమ్మ.”

“పొద్దున పాలు పిండిందా?”

“కూలబడకముందే పిండి అందరికీ పోసిందట. మీకు పొయ్యలేదా?”

ఇంటావిడ తలుపు వైపు తిరిగింది.

“అమ్మమ్మా!” లోపలి నుంచి పిలుపు వచ్చింది. “నా గ్లాసుల ఇంకిన్ని పాలు పొయ్యి!”