సియో బాబాయ్ లొంగదీసిన యంత్రం

మకావు పాత రేవు దగ్గర మేం రోజూ చేరే టీ దుకాణంలో, ఆ పొద్దున సియో బాబాయ్ అందరికీ పందిమాంసం బన్నులు తెప్పించాడు. ఓడల్లో వంటవాడిగా చేసి మానేసిన మనిషి. నోటికి మాత్రం ఇంకా విశ్రాంతి ఇవ్వలేదు.

"తినండ్రా! ఇది ఆ యంత్రం పేరు చెప్పి పెడుతున్నా. ఏటా ఈ రోజున నలుగురి కడుపు నింపకపోతే నాకు తోచదు."

"ఏ యంత్రం బాబాయ్?" అన్నాడు చియోంగ్. బట్టలు కుట్టే కుర్రాడు. కొత్త కుట్టుమిషను కోసం మొగుడూ పెళ్లాం దాచుకున్న డబ్బు జేబులో వేసుకుని, రెట్టింపు చేద్దామని కాసినోకి బయల్దేరి మధ్యలో టీకి ఆగాడు. మేం వద్దంటే వింటేగా!

"స్లాట్ మిషను రా. మూడు చక్రాలు, పక్కన పిడి. అందరూ దాన్ని గేదె తోక లాగినట్టు లాగుతారు. నేనలా కాదు. ముందు అద్దం మీద చెయ్యి పెట్టి చూశా. వెచ్చగా ఉంది. అంటే పొద్దుట్నుంచీ జనం సొమ్ము మింగి మింగి కక్కడానికి సిద్ధంగా ఉందన్నమాట. ఊపిరి బిగబట్టి, ఎడమ చేత్తో, పసిపిల్లని జోకొట్టినట్టు పిడి లాగాను. మూడు చెర్రీలు!"

"ఎంతొచ్చింది?"

"ఓ పూట భోజనానికి సరిపడా, అదేం లెక్కలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మళ్లీ లాగా, మళ్లీ చెర్రీలే. నాణేలు తొట్టి నిండి, నా ఒడి నిండి, చెప్పుల్లోకి దూరాయి. పక్కనున్న ముసలమ్మ గొడుగు తిరగేసి పట్టింది. ఇంకోసారి లాగితే బొమ్మ చెర్రీలు కాదురా, అసలు చెర్రీలే రాలాయి!"

"పులుపా, తీపా?"

"తీపి! గింజ కొరికితే పన్ను ఊడింది, ఇదిగో చూడు. ఈలోగా నాణేలు మెట్లు దిగి, వీధిన పడి, రేవులోకి పారాయి. హాంకాంగ్ ఫెర్రీ వెండిగుట్టలో కూరుకుపోయి కదల్లేదు. మేనేజరు పరిగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. 'పెద్దాయనా, ఇంకొక్కసారి లాగారంటే పైకప్పు అమ్ముకోవాలి' అని ఒకటే ఏడుపు. పాపం అనిపించింది. యంత్రాన్ని నిమిరి, 'ఇక పడుకో తల్లీ' అన్నా. నెత్తిన ఎర్రదీపం వెలిగించి నాకు దండం పెట్టిందిరా!"

చియోంగ్ లేచి నిలబడ్డాడు. "ఎడమ చెయ్యే కదా బాబాయ్? ఊపిరి ఎంతసేపు పట్టాలి?"

"కూర్చోరా," అంది మూలనున్న మేయ్‌లాన్ అత్త. ఆ కాసినోలోనే ఏళ్ల తరబడి యంత్రాలు బాగుచేసిన మనిషి. "సియో అన్నా, నీ కథలో ఎర్రదీపం ఒక్కటే నిజం. అది యంత్రం చెడితే వెలిగేది. నీ నాణెం దాని గొంతులో ఇరుక్కుంది. చూడమని నన్నే పిలిచారు."

దుకాణం గొల్లుమంది.

"అద్దం వేడి లోపలి దీపాలదిరా చియోంగ్. అందులో ఓ చిప్పు ఉంటుంది. నువ్వు ఊపిరి పట్టినా, తుమ్మినా, అసలక్కడ లేకపోయినా అది అంకెలు మారుస్తూనే ఉంటుంది. పిడి లాగిన క్షణాన ఏ అంకె తగిలితే అదే ఫలితం. చక్రాలు తిరిగేది నీ కళ్ల కోసం. కిందటి ఆట దానికి గుర్తుండదు, చాలా మింగానే అని జాలి కూడా పడదు. యజమానికి ఎంత మిగలాలో యంత్రం చేసేటప్పుడే చూసుకుంటారు. నువ్వు ఎంతసేపు కూర్చుంటే వాడికి అంత లాభం."

మళ్లీ బాబాయ్ వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వు జీతమంతా అక్కడే ఊడ్చిపెడుతున్నావు. దీపం వెలిగాక నేనొచ్చి బాగుచేస్తానని చూసి చూసి, విసుగెత్తి, మిగిలిన డబ్బుతో ఇంటికెళ్లావు. ఆ సాయంత్రమే వదినకి నొప్పులొచ్చాయి. ఆ డబ్బే లేకపోతే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కాదని మర్నాడు నా ముందు భోరుమన్నది నువ్వు కాదూ?"

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. చియోంగ్ జేబు మీద చెయ్యి వేసుకుని, "మా ఆవిణ్ణి తీసుకుని మిషన్ల కొట్టుకి వెళ్తా," అని వెళ్లిపోయాడు.

బాబాయ్ టీ కూజా అందుకుని రెండు చేతులతో అత్త కప్పు నింపాడు. "యంత్రం సంగతి సరేలేవే. ఆ రోజు నువ్వు రావడం ఆలస్యమైంది చూడు, అదే నా అదృష్టం."

టీ పోసినవాళ్లకి మా వైపు దండం పెట్టే పద్ధతిలో, అత్త రెండు వేళ్లతో బల్ల మీద తట్టి కప్పు తీసుకుంది.

"ఆలస్యం కాలేదన్నా. యంత్రం తాళాలు పట్టుకుని స్తంభం వెనకే నిలబడ్డా, నువ్వెప్పుడు లేచి వెళ్తావా అని."