ఆడబిడ్డ భాగం

హిందూపురం ఫంక్షన్ హాల్లో ‘ఇస్లాం పరిచయం’ సభ ముగిసింది. హాలంతా చప్పట్లు కొట్టినా చేతులు కదపని చెల్లెలు, ప్రసంగించిన అన్నను మెట్ల దగ్గరే ఆపింది.

“బాగా చెప్తివన్నా. పద్నాలుగు వందల ఏండ్ల కిందటే ఇస్లాం ఆడబిడ్డకు ఆస్తిలో భాగమిచ్చిందంటివే. మరి సోమందేపల్లి చేన్లో నా భాగం యాడుండాది?”

“ఈడ గొడవెందుకమ్మా? నాయన పోయినాక నువ్వే వద్దంటివి కదా.”

“వద్దంటినా? నువ్వు ధర్మవరం పట్టుచీర చేతిలో పెట్టి, చేను నాకే ఉండనీమ్మా అంటివి. కాదంటే పుట్టింటి గడప తొక్కనీవని భయపడి తలూపినా.”

“మన పక్క ఆచారం అదే కదమ్మా. ఏ ఇంట్లో అయినా అంతే.”

“ఆచారమా! పీర్ల పండగకు నిప్పుల గుండం తొక్కేది మన మతంలో లేదు, ఉత్త ఆచారమని ఊరంతా తిరిగి మాన్పిస్తివే! నా భాగం కాడికొచ్చేసరికి ఆచారం ముద్దొచ్చెనా?”

“ఇంటికి పోయి మాట్లాడుకుందాం. జనం చూస్తాండారు.”

“చూడనీ. రేపు పెనుకొండలో గూడా మీటింగుండాది కదా? ఆ పట్టుచీరే కట్టుకోని ముందర వరసలో కూచుంటా. ఆడబిడ్డ భాగం మాటొచ్చినప్పుడు నా మొగం చూసి చెప్పు.”