లాల్ భాయ్ తప్పు చదివిన ఆఖరి మాట

నూర్‌బీ వదినా, సంఘ పెద్దలారా, రేకుల సినిమా హాలు పాత మిత్రులారా! చోటు చాలక బయట నిలబడిన తల్లులారా! లాల్ మహమ్మద్ మనల్ని విడిచిపోయి పది రోజులైంది. ఒక సినిమా మనిషి కోసం ఇంతమంది వస్తారని నేననుకోలేదు. ఆయనే ఉంటే, "హాలు నిండింది, షురూ చెయ్ మాస్టారూ" అనేవాడు.

మూగ సినిమాల రోజుల్లో తెర పక్కన బెత్తం పట్టుకుని, తెర మీద పడే ఇంగ్లీషు అక్షరాలను మనకు తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పినవాడు లాల్ భాయ్. కింద హార్మోనియం వాయించిన ప్రభుదాసును నేను. మనలో ఆ ఇంగ్లీషు ఎందరికి వచ్చు? ఆయన చెప్పిందే కథ.

ఒక ప్రేమకథ వచ్చింది, గుర్తుందా? భార్య ఎవరికో ఉత్తరం ఇవ్వడం చూసి మొగుడు అసూయతో రగిలిపోతాడు. ఆమెను వెళ్లగొడతాడు. ఆ ఉత్తరం సొంత తమ్ముడికని చివర్లో తెలుస్తుంది. బొమ్మలో మొగుడు వీధిలో నడిచిపోతుంటాడు, అంతే. అప్పుడు పడిన అక్షరాలేమిటి? "అతడు మళ్లీ ఆమె గడప తొక్కలేదు." లాల్ భాయ్ చదివిందేమిటి? "అతడు ఆమె గడప ముందుకు పోయి, తప్పయిందన్నాడు."

హాలంతా ఏడ్చింది. నా వేళ్లు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయాయి. ఎందుకో సిగ్గు విడిచి చెబుతాను. చర్చి పాటల గుంపులో ఒకాయన నా భార్య సలోమికి కీర్తనల పుస్తకం ఇచ్చాడని, ఆ నెలలోనే నేనామెను బోయిన్‌పల్లిలో పుట్టింట దింపి వచ్చాను. ఆ సంగతి లాల్ భాయ్‌కి తెలుసు.

నాకు ఆ కాస్త ఇంగ్లీషు వచ్చు. ఆట అయ్యాక నిలదీశాను, తప్పు చదివారని. ఆయన బెత్తం మూల పెట్టి అన్నాడు: "సదివింది తప్పే మాస్టారూ. రాసినోడు సుత తప్పే రాసిండు. గీ రెండిట్ల నీకేది పనికొస్తదో సూస్కో."

తెల్లారి బోయిన్‌పల్లికి నడిచాను.

రెండేళ్ల కిందట, పోలీసు చర్య వారంలో, మన వీధిలో ఎవరికి ఎవరి మీద నమ్మకముంది? ఖాళీ ఇంట్లో దొరికిన ఉర్దూ కాగితం పట్టుకుని, ఉర్దూ రాని నలుగురు ఆయన దగ్గరికొచ్చారు. వరసగా పేర్లు. రజాకార్లతో తిరిగినవాళ్లవేనని వాళ్ల అనుమానం. నేను పక్కనే ఉన్నాను. ఆయన పైనుంచి కిందికి మెల్లగా చదువుకుని, నిఖా పిలుపుల చిట్టా అని చెప్పి మడిచి ఇచ్చాడు. వాళ్లు వెళ్లిపోయారు. అందులో నిజంగా ఏముందో నేనడగలేదు. ఒకసారి అడిగి బుద్ధి తెచ్చుకున్నవాణ్ని. ఆయన చేసింది ఒప్పో తప్పో ఈనాటికీ నాకు తేలలేదు. ఆ వారం మన వీధిలో ఒక్క తలుపూ విరగలేదు. అది మాత్రం తెలుసు.

సలోమీ, ముందు వరుసలోనే కూర్చున్నావు. ఇరవయ్యొక్క ఏళ్లుగా, నా అంతట నేనే దిగొచ్చానని నలుగురికీ గొప్పగా చెబుతున్నావు. నేనూ చెప్పనిచ్చాను. కాదు సలోమీ. లాల్ భాయ్ తప్పు చదివితే వచ్చాను. ఆ మెప్పు ఆయనది. బతికుండగా ఇవ్వలేకపోయాను. లాల్ భాయ్, నన్ను క్షమించండి.

అందరూ లేవండి. మూగబొమ్మలకు నోరైనవాడు వెళ్లిపోయాడు. రెండు నిమిషాలు ఎవరూ ఎవరికీ ఏమీ చదివి చెప్పవద్దు. ఊరికే నిలబడదాం.